కలెక్టరుగారు తెచ్చిన నీళ్ళు

నేను పనిచేసే మండలాఫీసు గేటు దగ్గర బ్లీచింగు పౌడరు చల్లుతున్నారు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు.

నా ఐదో క్లాసులో, రాజోలు దగ్గర మా ఊరికి కలెక్టరుగారొస్తున్నారని రోడ్డు పొడుగునా ఇదే చల్లేరు. నెలల తరబడి ఎండిపోయిన మా వీధి కుళాయిలో ఆ పొద్దున్న నీళ్ళొచ్చేయి. పూర్వం రాజులు ఒక్కో ప్రాంతానికి ఒక్కో అధికారిని పంపేవారని సోషల్లో చదివేను. కలెక్టరుగారూ అలాంటివారే, ఈ నీళ్ళు ఆయనే తెచ్చేరనుకున్నాను.

మర్నాడు చుక్క లేదు. బిందె పట్టుకుని ఇంటికీ రోడ్డుకీ తిరిగి తిరిగి, పంచాయతీ బంట్రోతుని అడిగేను.

"కలెక్టరుగారు మళ్ళీ ఎప్పుడొస్తారండీ?"

"జిల్లా అంతా తిరిగి రావాలి కదమ్మా!"

రేపు కలెక్టరుగారొస్తున్నారు. ఆయనొచ్చే వీధికి పొద్దున్నే నీళ్ళు వదలమని ఇందాక ఫోన్ చేసింది నేనే.