ముంతల గోడ: జోజప్పపల్లె మారెక్క

జోజప్పపల్లె మారెక్కకు అక్షరం రాదు. ఆమెకు సంబంధించిన కాగితాలు మాత్రం నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. వాటిలో చాలాకాలం అన్నిటికన్నా పైన ఉన్నది పచ్చి అబద్ధం. దానినీ చిరగకుండా దాచాను. ఎవరు, ఎప్పుడు, ఏ పుటలో చెప్పారో తెలియని అబద్ధాన్ని నిలదీయడం ఎవరి తరమూ కాదు.

అనంతపురం జిల్లాలో విడపనకల్లు దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోయే దారిలో, పాలరాళ్లపల్లెకు మైలు దూరాన నలభై ఇళ్ల పల్లె అది. వడ్రంగం చేసి కుటుంబాన్ని పోషించిన పునీత జోజప్ప పేరు పెట్టుకున్నది. ఆ పల్లె బడిలో నేను ఏడేళ్లు పాఠం చెప్పాను. నాది వాళ్ల క్రైస్తవ మతం కాదు. మారెక్క తాత యాగప్ప అక్కడ ఉపదేశి. పూజ జరిపే గురువు ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చిపోయే రోజుల్లో, మిగిలిన దినాలన్నీ జపాలు చెప్పించి, పిల్లలకు సత్యోపదేశం నేర్పినవాడు. ఆయన నేర్పిన ప్రశ్నలూ జవాబులూ మారెక్కకు కంఠస్థం. పగలు వేరుశనగ చేలలో కలుపు తీసేది. సాయంత్రం గుడి మెట్టు మీద పిల్లలను కూర్చోబెట్టుకుని, తాత చెప్పిన వరుసలోనే చెప్పేది. బుధవారం, శుక్రవారం ఒక్కపొద్దు ఉండేది.

ఆ పల్లెకు ఒక ఆచారం ఉంది. జ్ఞానస్నానానికి కొత్త మట్టి ముంత తెస్తారు. దానితో తల మీద మూడుసార్లు నీళ్లు పోస్తారు. ఆ ముంతను మళ్లీ వాడరు. ఆ ఏడు ఆ కుటుంబం దేని మీద బ్రతికిందో దానిని పిడికెడు అందులో వేస్తారు: జొన్నలో, కొర్రలో, వేరుశనగ విత్తులో. మూతిని గచ్చుతో మూసి, పచ్చి గచ్చు మీద మనిషి పేరూ ఊరి పేరూ పుల్లతో గీసి, గుడి ఆవరణ గోడలో అడ్డంగా పడుకోబెట్టి కట్టేస్తారు. రాత గోడలోపలికి పోతుంది. బయటికి ముంత అడుగు మాత్రమే గుండ్రంగా కనిపిస్తుంది. అలాంటి అడుగులు ఆ గోడలో మూడు వందలకు పైగా ఉన్నాయి. ఒకసారి కట్టినదానిని తీయరు. ఎందుకు తీయరని నేను అడిగితే, "మూసింది మనం, తెరిచేది దేవుడు" అని మారెక్క చెప్పింది.

1998 వేసవిలో వెంకటరాముడు అనే పరిశోధకుడు జీపులో దిగాడు. సాధుసంతుల పేర్లతో వెలసిన ఊళ్ల మీద ఆయన పరిశోధన. టీ బంకు దగ్గర కూర్చుని మగవాళ్లను నాలుగు ప్రశ్నలు అడిగాడు. గుడి వాకిలి మీది రాతిలో 1941 అని చెక్కి ఉంటే నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మెట్టు మీద పిల్లలకు పాఠం చెబుతున్న ముసలమ్మ పక్కనుంచే నడిచి వెళ్లాడు. ఆమెను ఒక్క మాట అడగలేదు.

మరుసటి ఏడు ఆయన వ్యాసం అచ్చయింది. జోజప్పపల్లె అనే పేరు 1941లో గుడి కట్టినప్పుడు పెట్టినదట. అంతకుముందు అక్కడ ఊరే లేదట. తల మీద మూడు ముంతలు పోయడం గ్రామదేవతల కొలువు నుంచి అరువు తెచ్చుకున్నదట. గోడలోని ముంతలు పిచ్చుకల గూళ్ల కోసం పెట్టినవట!

నాకు ఒళ్లు మండిపోయింది. తొలి శతాబ్దాల క్రైస్తవ బోధను నేను ఒకటికి రెండు అనువాదాలలో చదివి ఉన్నాను. పారే నీరు ఉంటే అందులో, అది లేకపోతే వేరే నీటిలో, ఏదీ చాలకపోతే తల మీద మూడుసార్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చునని ఆ తొలి బోధకులే చెప్పారు. బుధ, శుక్రవారాల ఉపవాసమూ వారు చెప్పినదే. రెండు వేల ఏళ్లనాటి నియమాన్ని ఈ కరువు గడ్డ మీద కూలివాళ్లు తు.చ. తప్పకుండా నిలబెట్టుకుంటే, పండితుడికి అది అరువు సొమ్ముగా కనిపించింది. తొమ్మిది పుటల ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. ఆయన సంతకంతో రసీదు తిరిగి వచ్చింది. జవాబు రాలేదు. రసీదు ఫైలులో ఉంది.

ఆ వ్యాసాన్ని చేలోనే మారెక్కకు చదివి వినిపించాను. ఆమె కలుపు తీయడం ఆపలేదు.

"మూడు ముంతలు ఎందుకని రాసినాడు?"

"అమ్మవారి పూజ చూసి మీవాళ్లు నేర్చుకున్నారట."

"పారే నీళ్లు యాడుండాయప్పా ఈడ? పెన్నలోనే ఇసక పారతాండాది. ముంచేదానికి లేకనే పోసినారు. ఇంత చదువు చదివి ఆయప్పకు అదన్నా తెలీలేదా?" అని, కాసేపటికి తల ఎత్తింది. "ఊరు కొత్తదని గూడా రాసినాడా?"

"రాశాడు. నలభై ఒకటిలో పుట్టిందట."

"నలభై ఒకట్లో నాకు ఎనిమిదేండ్లు అయ్యవారా. పాత మన్నుగోడ ఇప్పి రాతిగోడ కట్టినారు. ఆ ముంతలన్నీ ఒక్కటీ పగలకుండా అందించింది మేమే, పిల్లోళ్లం. మా తాత ముంత నా సేతుల్లోనుంచే పోయింది. మూలరాయి పక్కన, కింద వరసలో మొదటిది. అప్పుడు పుట్టిన ఊర్లో అన్ని ముంతలు యాడనుంచి వచ్చినాయని అడుగు ఆయప్పను."

అడగడానికి ఆయన దొరికింది నాలుగేళ్ల తరువాత. 2003లో మండలంలోని ఊళ్లు, పల్లెల పేర్లతో కొత్త జాబితా తయారవుతున్నది. పాలరాళ్లపల్లె సర్పంచి నరసింహప్ప ఒక అర్జీ పెట్టాడు. జోజప్పపల్లె అనేది తమ ఊరి చివరి వాడ మాత్రమేననీ, దానికి పాత పేరు ఏదీ లేదనీ, జాబితాలో 'పాలరాళ్లపల్లె కొత్త కాలనీ' అని రాయాలనీ అందులో ఉంది. అర్జీకి ఆధారంగా వెంకటరాముడి వ్యాసం జత చేశాడు. ఒక మనిషి నిర్లక్ష్యంగా రాసిన నాలుగు పుటలు నలభై ఇళ్ల పేరు చెరిపేయడానికి పనికివచ్చాయి!

మండల రెవెన్యూ అధికారి అతావుల్లా నెమ్మదైన మనిషి. నా దగ్గరున్న కాగితాలన్నీ ఓపికగా చూశాడు. వాటిలో అన్నిటికన్నా పాతది 1946 నాటిది. "ఇవి చాలవు సార్. అచ్చయిన వ్యాసం ఒకవైపు ఉంది. నలభై ఒకటికి ముందటిది ఏదైనా చూపించండి. శుక్రవారం నేనే వచ్చి విచారిస్తాను" అన్నాడు.

మారెక్కే స్వయంగా చూసిన సంగతి చెబుతుందని నేను అన్నప్పుడు, పక్కనే ఉన్న నరసింహప్ప నవ్వాడు. "ఆమెకు పొద్దున తిన్నది మాపటికి గుర్తుండదు సారూ! ముసలామె మాట రికార్డు అయితాదా?"

ఈ మాట నేను ఆమెకు చెప్పకుండా ఉండవలసింది. చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. గోడవైపు చూసింది. ఆమె ఏమి ఆలోచిస్తున్నదో నాకు తెలుసు. ముంత తీయమని అడిగే ధైర్యం నాకు లేదు.

"రికార్డు గోడలో ఉండాది" అన్నది. "తీయకూడదని మా తాతే చెప్పినాడు. తీయకపోతే ఆయన ఊరు లేకుండా పోతాది. యాది పెద్ద తప్పు అయ్యవారా?"

 

శుక్రవారం పొద్దున పల్లె అంతా గుడి ముందర చేరింది. నరసింహప్ప తన సాక్షిగా వెంకటరాముణ్ణి కారులో తీసుకువచ్చాడు. అధికారి గోడను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసి, ఇవేమిటని అడిగాడు. పిచ్చుకల కోసమని పరిశోధకుడు చెప్పగానే మారెక్క ముందుకు వచ్చింది. చేతిలో చిన్న ఇనుప గడారి ఉంది. ఆమెకు ఆ రోజు ఒక్కపొద్దు.

"పిచ్చుకలు యాడ దూరతాయి సామీ, అడుగు బయటికుంటే?" అన్నది. జనం గొల్లుమని నవ్వారు. ఆమె నవ్వలేదు. "సారూ, ఇది మా తాతది. ఇంగొకరి తాతది నేను ముట్టను. నాదైతే నేను జవాబు చెప్పుకుంటా, ఆడ పైన."

"ఏమ్మే మారెక్కా, ఉత్త కుండ తీసి ఏం సూపిస్తావు?" అన్నాడు నరసింహప్ప.

"ఉత్తదయితే కాలనీ అనే రాయించుకోప్పా. ఎవరొద్దన్నారు?"

మోకాళ్ల మీద కూర్చుని, మూలరాయి పక్కన కింది వరుసలో మొదటి ముంత చుట్టూ గచ్చు గీరడం మొదలుపెట్టింది. సాయం పట్టబోయిన వాళ్లను మోచేత్తో పక్కకు తోసింది. అరగంట పట్టింది. చివరికి ముంత కదిలింది. బయటికి వస్తూ వస్తూ అడుగు పగిలి రెండు ముక్కలయింది. ఆమె నోటి నుంచి చిన్న మూలుగు వచ్చింది. పల్లెలోని ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు.

మూతి గచ్చు మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె దానిని పైట కొంగుతో తుడిచి, నేరుగా వెంకటరాముడి చేతిలో పెట్టింది. "నాకు సదువు రాదు సామీ. నువ్వే సదువు, అందరికీ ఇనబడేటట్ల."

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. మొదటిసారి లోలోపలే చదువుకున్నాడు. రెండోసారి పైకి చదివాడు. "యాగప్ప. జోజప్పపల్లె."

"యా సంవత్సరమో గూడా సూడు" అన్నది మారెక్క.

గచ్చు మీద సంవత్సరం లేదు. నరసింహప్ప ఊపిరి పీల్చుకున్నాడు. మారెక్క ముంతను తిరిగి తీసుకుని, పగిలిన అడుగు వైపునుంచి అధికారి చాచిన రుమాలు మీద కుమ్మరించింది. గింజలు రాలతాయని అందరూ చూశారు. గింజ ఒక్కటీ రాలలేదు. ఒక తగరపు బిళ్ల టంగుమని పడింది.

మనవాళ్లు నేటికీ ధాత కరువు అని తలుచుకునే ఆ మహాక్షామంలో, రోడ్డుకు కంకర కొట్టే కూలివాళ్లకు ఇలాంటి బిళ్లలు ఇచ్చారు. బిళ్ల చూపితేనే కూడు. ఆ ఏడు యాగప్ప కుటుంబం తిన్నది గింజ కాదు, ఆ బిళ్ల. ఆచారం ప్రకారం దేని మీద బ్రతికారో దానినే ముంతలో వేశారు. అతావుల్లా దానిని వెలుతురుకు పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు చదివి మాకు చెప్పాడు. నంబరు 412. బళ్లారి. 1877.

అనంతపురం అనే జిల్లాయే 1882 దాకా లేదు. ఈ నేల అంతా బళ్లారి కిందనే ఉండేది. సర్పంచి కాలనీ అన్న పల్లె మన జిల్లా కంటే అయిదేళ్లు పెద్దది! నేను ఈ మాట అక్కడే, అవసరమైన దానికంటే గట్టిగానే చెప్పాను.

వెంకటరాముడు బిళ్లను చూసి, గోడను చూసి, ఆపైన మారెక్కను చూశాడు. "అమ్మా, ఆ రోజు నేను మిమ్మల్ని అడగవలసింది" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నా కోపం సగం తగ్గింది. మిగిలిన సగం ఆయన సవరణ అచ్చయ్యేదాకా ఉంచుకున్నాను. అది 2004 జూన్ సంచికలో వచ్చింది. మూడు ముంతల సంగతి కూడా సరిదిద్దాడు. సమాచారం ఇచ్చినవారు 'జోజప్పపల్లె ఉపదేశకురాలు శ్రీమతి మారెక్క' అని పేరు వేశాడు.

అధికారి గుడి ముందరి చెట్టుకిందనే పంచనామా రాయించాడు. మారెక్క వేలిముద్ర వేసింది. సాక్షిగా నరసింహప్ప సంతకం చేయవలసి వచ్చింది. "ఏమప్పా, కొత్త కాలనీ సర్పంచి అని రాసుకుంటావా?" అని ఎవరో వెనకనుంచి అడిగారు. అతడే నవ్వేశాడు.

బిళ్లను నగరంలో ప్రదర్శనశాలకు ఇస్తే అద్దాల పెట్టెలో భద్రంగా ఉంటుందని వెంకటరాముడు బతిమాలాడు. నిజం చెప్పాలంటే నా ఆశ కూడా అదే. మారెక్క ఒప్పుకోలేదు.

"అది మా తాత కూడు సామీ. కూడు ఎవురన్నా పెట్టెలో పెట్టి సూసుకుంటారా? నూట ఇరవై అయిదేండ్లు మా గోడ దాన్ని కాపాడలేదా?"

ఒక కాగితం పరచి పెన్సిలుతో రుద్ది, అచ్చు తీసుకోవడానికి మాత్రం నాకు అనుమతి ఇచ్చింది. ఆదివారం గురువుగారు వచ్చి జపం చెప్పారు. కొత్త ముంత తెచ్చారు. పాత పెంకులు, మూతి గచ్చు, బిళ్ల అందులో పెట్టారు. వాటి మీద మారెక్క ఒక పిడికెడు బియ్యం పోసింది. వరుస కరువుల్లో ఆ పల్లె పనికి ఆహారం బియ్యం మీదనే బ్రతికింది. తాత కూడు మీద మనుమరాలి కూడు వేసి, అదే చోట గోడలో కట్టేశారు.

జాబితా 2004లో వచ్చింది. 'జోజప్పపల్లె' అని వేరుగా, తన పేరుతో. దారి మొగదలలో పచ్చ బోర్డు నాటారు. మారెక్క దాని దగ్గరకు పోయి అక్షరాలను వేలితో తడిమింది. 

2008లో కండక్టర్ల చేతికి టికెట్ల మిషన్లు వచ్చాయి. అప్పటికి ఆమెకు డెబ్బై అయిదేళ్లు. ఒకనాడు పాలరాళ్లపల్లెలో నాతోపాటు బస్సు ఎక్కింది. నడిచినా అరగంట దూరమే. ఎప్పుడూ నడిచే మనిషి ఆ రోజు ఎందుకు ఎక్కిందో నాకు అర్థం కాలేదు. బస్సు మలుపు తిరుగుతుండగా కండక్టరు అరిచాడు.

"జోజప్పపల్లె! ఎవరప్పా జోజప్పపల్లె దిగేది?"

ఆమె కదలలేదు.

"ఓ అవ్వా, దిగేది నువ్వే గదా? ఇనబడలేదా?"

"ఇనబడినాది నాయనా" అన్నది మారెక్క, కిటికీ కమ్మీ పట్టుకుని నిదానంగా లేస్తూ. "ఇంగొకసారి పిలువు."

వాడు నవ్వి, బస్సంతా అదిరేటట్టు పిలిచాడు. ఆమె పైట సర్దుకుని, తల ఎత్తుకుని దిగిపోయింది. ఆమె సీటులో వదిలిపోయిన టికెట్టు మీద ఆ ఊరి పేరు అచ్చయి ఉంది. అది ఇప్పుడు నా ఫైలులో, ఆ వ్యాసానికి పైన ఉంది.