క్షమాపణ ఎవరిది?

ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో ఆమె పని దుప్పట్లు ఇస్త్రీ చేయడం. వేడి రోలర్ల మధ్యకు తడి దుప్పటి అందిస్తే, అవతల ముడతల్లేకుండా బయటికొస్తుంది. చేతులు లోపలికి పోకుండా ముందు ఒక ఇనుప కమ్మీ అడ్డం ఉండేది. అదుంటే పని నత్తనడక నడుస్తోందని సూపర్‌వైజరు విప్పించి మూలన పడేయించాడు. కొన్నాళ్లకే ఆమె కుడిచేతి వేళ్లు రోలర్లలో పడి నలిగి కాలిపోయాయి. ఆ చెయ్యి ఇప్పుడు పిడికిలి పట్టదు.

పైవాళ్లు అడిగితే సూపర్‌వైజరు తడుముకోకుండా, "ఆవిడకి పరధ్యానం ఎక్కువండీ" అన్నాడు. పరధ్యానమట! పొయ్యి మీద పాలు ఏనాడూ పొంగిపోనివ్వని మనిషికి! కమ్మీ విప్పడం కళ్లారా చూసిన తోటివాళ్లు బెల్లం కొట్టిన రాళ్లలా ఊరుకున్నారు. చెయ్యి పోయినదానికంటే ఆ మాటకే ఆమె కడుపు ఎక్కువ మండింది. "కమ్మీ నేనే తీయించాను" అని అతని నోటితో వినాలి. ఆమెకు కావలసింది అంతే.

అతనూ వాళ్ల చర్చికే వస్తాడు. పాస్టరుగారు మంచి మనిషి. ఇంటికి వచ్చి కూర్చుని, "దేవుడి న్యాయం శిక్షతో ఆగదమ్మా, విరిగినదాన్ని బాగుచేస్తుంది. నిజం బయటికి రావాలి, అప్పుడే గాయం మానుతుంది. మీ ఇద్దర్నీ కూర్చోబెడతాను" అన్నారు. నిజం అనగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్కగదిలో ముగ్గురూ కూర్చున్నారు. సూపర్‌వైజరు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. అతను ఎదురుగా ఉంటే ఆమె అలవాటుగా కుర్చీ అంచునే ఒదిగి కూర్చుంది. అతను ఎక్కడ లేచిపోతాడోనని పాస్టరుగారికి తొందర. ప్రార్థన ముగించి ఆమె వైపు తిరిగారు.

"ముందు నీ నోట క్షమాపణ రానీ తల్లీ. అప్పుడు ఆయన మనసూ తెరుచుకుంటుంది."

పాస్టరుగారి భాషలో క్షమాపణ అంటే క్షమించడం. ఇస్త్రీ గదిలో దానికి ఒకటే అర్థం, తప్పు ఒప్పుకోవడం. సూపర్‌వైజరు ముందు ఆమె ఇన్నేళ్లుగా చెప్పిన క్షమాపణలన్నీ ఆ రకానివే. ఆలోచించే లోపే లేచి నిలబడింది.

"తప్పయిపోయింది సార్. క్షమించండి."

"అయ్యో, నేనన్నది అది కాదమ్మా!" పాస్టరుగారు కంగారుపడ్డారు.

సూపర్‌వైజరు అప్పటికే లేచాడు. "పర్వాలేదమ్మా, నేనేం మనసులో పెట్టుకోలేదు. ఇకనైనా కాస్త జాగ్రత్తగా ఉండండి."

అతని ముఖం నిజంగానే తేటపడింది. పాస్టరుగారు పిలుస్తున్నా వినిపించుకోకుండా దండం పెట్టి వెళ్లిపోయాడు. "ఇంకోసారి కూర్చుందామమ్మా" అన్నారు ఆయన, తనకే నమ్మకం లేని గొంతుతో. ఇక ఎన్నిసార్లు కూర్చుంటే మాత్రం ఏం లాభం? నోరు జారిన మాటను వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాదు. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

ఇంటి దగ్గర భర్త గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఏమన్నాడే? ఒప్పుకున్నాడా?"

"క్షమించాడండీ," అంది ఆమె. "నన్ను."