కట్టేసి ఉన్న పెట్రోలు ట్యాపు

మా ఆయనకి పాత సామాన్ల పిచ్చి. తెనాల్లో మేం కొత్తగా కాపురం పెట్టిన రోజులవి. రేపల్లెలో ఎవరిదో మోటారుసైకిలు అమ్మకానికుందని తెలిసి, నన్ను కూడా వెంటబెట్టుకుని రైలెక్కారు. వెళ్ళి చూస్తే ఏముంది, పశువుల పాకలో దుమ్ము కొట్టుకుపోయి, టైర్లు చీకిపోయి ఉంది. ఊరికే ఇచ్చినా వద్దనిపించింది నాకు. ఈయన మాత్రం పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు తెగ మురిసిపోతున్నారు.

అమ్మినావిడ నాకంటే బాగా పెద్దది. ఆవిడ భర్త కొన్నేళ్ళ కిందట ఆ బండి మీదే తెనాలి వెళ్ళొస్తానని బయల్దేరి, మళ్ళీ ఇంటికి రాలేదు. వేమూరు దగ్గర కాలవ గట్టున బండి ఒక్కటే, స్టాండు వేసి నిలబెట్టి ఉంది. కాలవంతా గాలించినా మనిషి జాడ లేదు. పోయాడని ఊరు తేల్చేసింది. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయిద్దాం, కర్మలు జరిపిద్దాం అని ఆవిడ బావగారు పోరుతున్నారట. ఆవిడ ససేమిరా అంది. నుదుట రూపాయి కాసంత బొట్టు అలాగే ఉంచుకుంది. పేరంటాలకి ఎవరూ పిలవట్లేదని తనే చెప్పింది. మేం బయల్దేరుతుంటే కుంకుమ భరిణె తెచ్చి నాకు బొట్టు పెట్టింది. తిరిగి నేనూ పెట్టాలి కదా. చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది గానీ, పెట్టాను. ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని నిలబడిపోయింది.

బండి మా వసారాలోకి చేరింది, నా ఖర్మ మొదలైంది. నా వంటింటి పళ్ళెంలో కిరసనాయిలు పోసి కార్బొరేటరు నానబెట్టేవారు. దాని సన్నటి బెజ్జాల్లో నోరు పెట్టి ఊదేవారు. ప్లగ్గుని ఉప్పుకాగితంతో రుద్దీ రుద్దీ ఆ మసి చేతులతోనే అన్నానికొచ్చేవారు. ఎలాగైతేనేం, బండి కదిలింది.

ట్యాంకు కింద చిన్న పెట్రోలు ట్యాపుంటుంది. బండి ఆపాక దాన్ని కట్టేయాలి. లేకపోతే చుక్క చుక్కగా కారిపోతుంది. ఈయనకి అదొక్కటి గుర్తుండి చచ్చేది కాదు. తెల్లారేసరికి గచ్చు మీద మడుగు, వంటింటి దాకా కంపు. నేను అరవని రోజు లేదు. అలాంటిది ఒకరోజు పొద్దున చూస్తే గచ్చు పొడిగా ఉంది. ఇవాళైనా బుద్ధొచ్చిందన్నాను. "నువ్వు కట్టావనుకున్నానే," అన్నారాయన. నేనా! ఆ బండిని నేను ముట్టుకుంటే ఒట్టు.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వీధి తలుపు గడియ వేసిందేసినట్టే ఉండేది. అరిగిపోయిన ట్యాపు కదా, అదే జారుంటుందని ఈయన సర్దిచెప్పారు. జారితే తెరుచుకోవాలి గానీ కట్టుకోవడమేంటి? ఒకనాడు మిట్టమధ్యాహ్నం గడపలో కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. వసారాలో టిక్ మని చప్పుడైంది. తలెత్తి చూద్దును కదా, నరమానవుడు లేడు. అప్పటిదాకా కారుతున్న పెట్రోలు ఆగిపోయింది. ఆ సాయంత్రమే హ్యాండిలుకి నిమ్మకాయ కట్టాను. ఈయన నవ్వారు గానీ దాన్ని విప్పలేదు.

కొన్నాళ్ళకి ఆ రేపల్లె ఆవిడ మధ్యాహ్నం రైలుకి మా ఇంటికొచ్చింది. ఒక్కసారి బండి చూసి పోతానంది. ఈయన నడిచే ఆఫీసుకెళ్ళారు, బండి వసారాలోనే ఉంది. ఆవిడ సీటు నిమిరి, వంగి, ట్యాంకు కింద తడిమింది. తడిమిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"దీన్ని ఎవరు కట్టారమ్మా?"

ఆవిడే మెల్లగా చెప్పుకొచ్చింది. "మా ఆయన జన్మలో కట్టి ఎరగరు. రోజూ ఆయన వెనకాలే వెళ్ళి నేనే కట్టేదాన్ని. కాలవ గట్టున బండి దొరికిన రోజు చూస్తే, కట్టేసి ఉంది. అంటే ఆ పూట ఆయన పక్కన ఇంకెవత్తో ఉందమ్మా. ఎవత్తైతే నాకేం, మనిషి బతికున్నాడు."

మా ఇంట్లో దాన్ని కడుతున్నది ఎవరో అప్పుడు తట్టింది నాకు. ఇక్కడ కట్టేది ఆవిడ భర్తే అయితే, ఆనాడు గట్టు మీద కట్టిందీ ఆయనే. పక్కన ఎవరూ లేరు, ఆయన బతికీ లేరు. ఆ మాట అన్నానంటే ఆవిడ నుదుట బొట్టు నిలవదు.

"నేనేనండి అక్కయ్యగారూ. రోజూ నేనే కడతాను," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, ట్యాపు తెరిచి, ఏదీ, కట్టి చూపించమంది. వంగాను. ఎటు తిప్పాలో నాకేం తెలుసు? అటు తిప్పాను, ఇటు తిప్పాను. వేళ్ళన్నీ పెట్రోలయ్యాయి గానీ కారడం ఆగలేదు. సిగ్గేసి చెయ్యి తీసేశాను.

ఇద్దరం చూస్తూనే ఉన్నాం. టిక్ మంది. చుక్క ఆగిపోయింది.

ఆవిడ భయపడలేదు. రోజూ మొగుణ్ణి ఎలా విసుక్కునేదో అలాగే విసుక్కుంది. "ఇప్పటికి గుర్తొచ్చిందా మీకు," అంది.

తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని, రైలుకి టైమైంది, వెళ్తానమ్మా అంది. నేను గబగబా లోపలికెళ్ళి భరిణె తెచ్చి, వేలికి కుంకుమ అద్దుకుని ఆవిడ నుదుటి దాకా తీసుకెళ్ళాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని నెమ్మదిగా కిందికి దించింది.

"ఇంక వద్దమ్మా."