సున్నం పొరల లెక్క

మొదటి రోజు అక్కడ ఉన్నవి: నేను, టేపు, సుత్తి, హెడ్ క్లర్కు, కప్పు కూలుతుందని ఆయన లోపల కూడా తెరిచి పట్టుకున్న గొడుగు, వరండాలో బల్ల వేసుకుని అర్జీలు రాసే పెద్దాయన, ఆయన ముందు నిలబడ్డ ఇద్దరు తండా ఆడవాళ్లు. మహబూబాబాద్ స్టేషన్ దగ్గరి ఆ పాత ఆఫీసు నిలుస్తుందో లేదో తేల్చడం నా పని. కూల్చేస్తే ఆఫీసు ఊరి బయటి కొత్త భవనానికి పోతుంది. అక్కడ వరండా లేదు. కాబట్టి పెద్దాయనకు చోటూ లేదు.

కొలతలు తీశాను. డంగుసున్నంతో కట్టిన గోడలు, ఇరవై రెండు అంగుళాల మందం. కప్పుకు ఇనుప దూలాలు, వాటి మధ్య ఇటుక కమానులు. నీళ్లు కారేది ఒక్కచోటే, ఈమధ్య పైన కట్టిన బాత్‌రూం కింద.

ఫారంలో కట్టిన సంవత్సరం రాయాలి. ఆ కాగితం ఎవరి దగ్గరా లేదు. గోడ మూల చెక్కి సున్నం పొరలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఏడాదికో పూత చొప్పున భవనం వయసు నలభై ఒక్క ఏళ్లని రాసి సంతకం చేశాను. అలాంటి కమానులు అంత కొత్తవి కావని చదువుకున్నాను గానీ, లెక్క లెక్కే కదా అనుకున్నాను.

ఫారం పంపాక పెద్దాయనకు చెబితే నవ్వాడు.

"ఏడాదికోసారి ఏస్తరని ఎవలు చెప్పిండ్రు సారూ? పెద్దసారు వస్తుండంటెనే సున్నం. ఎవ్వలు రాకుంటె పదేండ్లు గట్లనే ఉంటది. మా తాత గూడ గీ వరండలనే రాసిండు."

హెడ్ క్లర్కు దగ్గరికి పరుగెత్తాను.

"వందేండ్లు దాటిందని రాస్తె ఫైలు హైదరాబాద్‌ల పురావస్తు శాఖకు పోవాలె తమ్మీ. అది మల్ల వచ్చేసరికి నేను రిటైరైత. నలభై ఒకటి మంచిగనే ఉంది, కూల్చుడు ఈడనే ఖాయమైతది."

"గోడలు గట్టిగున్నయి సార్."

"గా ముచ్చట గోడలు సంతకం పెట్టి ఇస్తయా?"

తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. దాని మీద ముద్ర వేసి, మూసేసిన ఫైలులో కట్టారు.

కూల్చడానికి నాలుగు రోజులు చాలన్నాడు గుత్తేదారు. పెద్దాయన బల్ల తీయలేదు. కూలీలు మధ్యాహ్నం అన్నం తిని, ఆయనతో తమ ఇళ్లలోని ముసలివాళ్లకు పింఛను అర్జీలు రాయించుకున్నారు. అందుకే వరండా జోలికి చివరిదాకా పోలేదు. "లే బాపూ, ఇగ గిదొక్కటే మిగిలింది" అని మేస్త్రీ అన్నప్పుడు, ఆయన బల్ల ఎత్తుకుని రోడ్డు దాటాడు.

అది కూల్చడం మొదలుపెట్టిన పంతొమ్మిదో రోజు.