కొంగు మీది ట్యాగు

ఇది మహాయుద్ధ గాథ. ఒకవైపు దేశమంతా పరుచుకున్న మోసగాళ్ళ సైన్యం, మరోవైపు నిద్రాహారాలు మాని కాపలా కాసే ఆన్‌లైన్ దుకాణం, నడుమ నేను. కొంచెం ఎక్కువైంది. నిద్ర బాగానే పోయేవాణ్ణి, తిండికి అరగంట ఇచ్చేవారు. నా ఆయుధాలు ఒక తూకం మిషను, ఒక కత్తెర. మహబూబ్‌నగర్ గోదాములో, కొన్నవాళ్ళు వాపసు పంపిన సరుకును విప్పి చూడటం నా పని.

మోసం కూడా మనలాగే నాలుగక్షరాలు నేర్చుకొని పైకొచ్చింది. మొదట్లో ఫోను ఉంచేసుకొని డబ్బాలో సబ్బు పెట్టి పంపేవారు. మేం తూకం వేయడం మొదలుపెట్టాం. వాళ్ళు సరిగ్గా అంతే తూగే టైలు ముక్క పెట్టారు. మేం డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయసాగాం. చీరల తంతు వేరు. పెళ్ళికి కట్టుకొని, మళ్ళీ మడతపెట్టి, ‘రంగు నచ్చలేదు’ అని పంపేవారు. దానికి విరుగుడుగా పట్నంలోని పెద్ద బుర్రలు అరచేయంత తెల్ల ట్యాగును కొంగుకే కుట్టించాయి. తీస్తే వాపసు లేదు, తీయకుండా కడితే ఊరంతా చూస్తుంది. మంచి ఉపాయమే. పాపం, వాళ్ళకు ఒడిబియ్యం సంగతి తెలియదు.

ఒకరోజు ఎర్ర చీర వచ్చింది. ట్యాగు చెక్కుచెదరలేదు, కాకపోతే పచ్చగా ఉంది. మడత విప్పితే రెండు పసుపు బియ్యపు గింజలు బల్ల మీద రాలాయి. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ కొంగు ఒళ్ళో పరచమని పసుపు బియ్యం పోస్తారు కదా, ట్యాగు ఆ బియ్యం కింద హాయిగా దాక్కుందన్నమాట. ఎవరో గానీ గట్టిదే అనుకుంటూ చీటీ మీద పేరు చదివాను. మా చిన్నమ్మ.

చిన్నమ్మ ఇల్లు మహబూబ్‌నగర్‌లోనే. ప్రతి ఆదివారం నాకు అక్కడే నాటుకోడి కూర. అంతకు వారం ముందే హాలియాలో మా మేనమామలు ఆమెకు ఒడిబియ్యం పోశారు. నేనూ వెళ్ళాను, కానీ చీర వంక చూడలేదు, విస్తరి వంక చూశాను.

బయటికొచ్చి ఫోన్ చేశాను.

“చిన్నమ్మా, చీర ఎందుకు వాపసు పంపినవ్?”

“రంగు పోతదేమోనని భయమైంది బిడ్డా. కట్టనే లేదు.”

“మరి ట్యాగుకు పసుపెట్ల అంటింది?”



“గవన్నీ చూసేది నువ్వేనా? డబ్బాలు మోస్తవనుకున్న గదరా!”

“రెండు గింజలు గూడ దొరికినయ్. నన్ను దీవించి పంపినవేమో అనుకున్న.”

“మా వదిన పెట్టిన చీర గోనెసంచి రంగుండె. గది కట్టుకొని ఫోటోలు దిగాల్నా? జర చూసీ చూడనట్టు పోతే నీదేం పోతది?”

“నౌకరి పోతది. నెత్తి మీద కెమెరా ఉంది.”

“అయితే ఆదివారం ఆ కెమెరా ఇంటికే పో. కూర వండి పెడతది.”

ఫోన్ పెట్టేసింది. వీరుడి గుండె రెండుగా చీలవలసిన చోటు ఇదే. నాది నౌకరి వైపు కాస్త ఎక్కువ చీలింది. పైగా నేను సరేనంటే ఆ చీర ఇంకో ఆడమనిషికి కొత్తదని చేరుతుంది. ‘కట్టినది’ అని రాసి చిన్నమ్మ ఇంటికే తిప్పి పంపాను.

ఆ ఆదివారం మెస్సులో పప్పు తిన్నాను. పప్పు ఎప్పటిలాగే ఉంది. పై ఆదివారం ఆమే ఫోన్ చేసింది.

“కూర సల్లారుతాంది. వస్తవా, రావా?”

వెళ్ళేసరికి దండెం మీద చిన్నాయన తెల్ల పంచె గులాబీ రంగులో ఆరుతోంది. ఎర్ర చీరను దానితో కలిపి నానబెట్టిందట.

“రంగు పోతదని నేను చెప్పలేదా? పో, ఇప్పుడు రాసుకో నీ గోదాముల!” అంటూ గెలిచిన ముఖంతో కోడి కాలు నా పళ్ళెంలో వేసింది. చిన్నాయన తన పళ్ళెంలోకే చూసుకుంటూ తిన్నాడు.

ఉతికే ముందు కత్తిరించిన ట్యాగు కిటికీలో ఉంది. తినడం అయ్యాక తిప్పి చూశాను. మొదటిసారి చల్లటి నీళ్ళలో విడిగా ఉతకాలని వెనకవైపు రాసి ఉంది.