ఇవాళ ఏం కూరండీ?

మా పిన్ని పోయిందని ఫోనొచ్చేసరికి నేను తాడేపల్లిగూడెం స్టేషన్లో ఉన్నాను. కొల్లేటి ఒడ్డున చిన్న ఊళ్లో నర్సుగా పనిచేసింది. పోయిన వారం కూడా డ్యూటీలోనే ఉంది. మీలో చాలామందికి మా పిన్ని తెలీదు. తెలియాలనే రాస్తున్నాను.

బీపీ చూసే రోజు హెల్త్ సెంటర్ ముందు బల్ల నిండిపోయేది. చేతికి పట్టీ చుట్టే ముందు పిన్ని అడిగేది ఒకటే: "ఇవాళ ఏం కూరండీ?"

తిన్నారా అని అడగొచ్చుగా అన్నాను, సెలవులకి వెళ్లినప్పుడు.

"తిన్నారా అంటే మన వైపు ఆకలితో పడిపోతున్నవాళ్లు కూడా అయ్యిందండీ అంటారే పిల్లా. కూర పేరు చెప్పమంటే తడుముకుంటారు."

చేపల చెరువుల మీద పనిచేసే ఒకావిడకి మాత్రలిస్తున్నా బీపీ దిగేది కాదు. వాళ్లాయన పక్షవాతంతోనే పోయాడు. ఈమె కూడా మంచాన పడుతుందేమోనని పిన్ని భయం. ఆ రోజూ అడిగింది.

"ఎండుచేపండి."

"నిన్న?"

"ఆవకాయండి."

"మొన్న?"

ఆమె తలొంచుకుంది. "పని లేదండి. ఉత్త కడుపుతో మాత్రేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని మానేశానండి."

పిన్ని తిట్టలేదు. ఉప్పు తగ్గించమని ఉపన్యాసమూ చెప్పలేదు. కూర లేని ఇంట్లో ఉప్పే కూర. "మా ఇంటికోసారి రండి, సొరకాయ వండాను. ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెబుదురుగాని," అంది. రుచి చూడమంటే ఎవరు కాదంటారు?

"చప్పగా ఉందండి సిస్టరు గారూ."

"మీ నాలిక్కి చప్పన. మీ బీపీకి సరిగ్గా సరిపోయింది. ఇంకాస్త వేసుకోండి."

అలా మొదలైంది. తర్వాత ఇరుగుపొరుగు వంతులేసుకుని బీపీ ఉన్నవాళ్ల కోసం పిన్ని ఇంటికి ఉప్పు తగ్గించిన కూరలు పంపేవారు. "సిస్టరు గారి చప్పిడి హోటలు" అని ఊరంతా వేళాకోళం. పిన్నికి ఆ పేరు భలే ఇష్టం. ముందు ముద్ద, తర్వాతే మాత్ర అనేది. చెరువుల పనావిడకి బీపీ దిగిన రోజు ఏలూరు నుంచి వచ్చిన డాక్టరు గారికి ఆ మాట, పెళ్లి సంబంధం కుదిరినంత సంబరంగా చెప్పింది. ఆవిడ మా పిన్నండీ అని అక్కడున్న వాళ్లందరికీ చెప్పుకోవాలనిపించింది నాకు. ఇప్పటికీ అంతే.

చావింట్లో పొయ్యి వెలిగించరు కదా. మర్నాడు మధ్యాహ్నం ఆ చెరువుల పనావిడే నెత్తి మీద గంపతో అన్నం, పప్పు తెచ్చింది.

"తినండమ్మా. ఏడవడానికైనా ఓపికుండాలి కదండీ."

అందరికీ వడ్డించి, ఖాళీ గిన్నెలు సర్దుకుంది. ఎవరో బండి మీద దింపుతామంటే వద్దంది. గుమ్మంలో నిలబడి చూశాను. కొల్లేటి గట్టు మీద, ఎండలో, ఒక చెయ్యి గంప మీద, రెండో చెయ్యి ఊపుకుంటూ, ఎక్కడా ఆగకుండా వెళ్లిపోతోంది.