మేజోళ్ళలో వచ్చిన చర్చిలు

మా ఆయన బర్మా నుంచి ఓడెక్కి వెళ్ళిన రెండో ఏడు ఇంగ్లండు నుంచి మొదటిసారి ఫిల్ము రీళ్ళు పంపించాడు. తెచ్చినతను అదే ఓడలో వంటవాడు, మా తెలుగువాడే, ఇక్కడే సేక్కాన్ రేవు దగ్గర కాపురం. మెట్లెక్కి వచ్చి, పాలపొడి డబ్బా మూత తీసి, అందులోంచి ఒక ఊలు మేజోడు పైకి లాగి నా చేతిలో పెట్టాడు. బొటనవేలి దగ్గర చిరిగితే నల్లదారంతో కుట్టి ఉంది. లోపల మూడు రీళ్ళు.

ఉత్తరం లేదా అని అడిగాను. లేదన్నాడు. మా అత్త మంచం మీంచి లేచి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

అతను చెప్పినదాన్ని బట్టి, ఓడ కంపెనీ దివాలా తీసింది. ఓడని ఇంగ్లండులో తూర్పువైపు ఒక నది మొగలో కట్టేశారు. మనుషులందరినీ ఇళ్ళకు పంపేసి, ఇంజనుగదిలో నీళ్ళు తోడడానికీ కాపలాకీ ముగ్గురిని ఉంచారు. వాళ్ళలో మా ఆయన ఒకడు. ఓడ అమ్ముడుపోతేగాని రావడానికి లేదు. ఖాళీరోజున బస్సెక్కి ఎటో వెళ్ళిపోతాడట. ఎక్కడికో ఎవరికీ చెప్పడట. ఎవరో వాడి వదిలేసిన కెమెరా ఒకటి సంపాదించాడట.

అప్పటికి నేను ఊళ్ళోనే పబేడాన్ పేటలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేస్తున్నాను. యజమాని వయసుమళ్ళిన బర్మా మనిషి. అందరూ ఆయన్ని సయా అనేవాళ్ళు, మాస్టారూ అన్నట్టు. నన్ను ఆయన తమీ అని, అంటే కూతురా అని పిలిచేవాడు. మొదట్లో ప్రింట్లు కడిగి తాడుకి ఆరేయడమే నా పని. ఆయన కళ్ళకు మసకలు కమ్మాక డార్కురూమ్ మొత్తం నాకు వదిలేశాడు. సైనిక సర్కారు వచ్చి పెద్ద అంగళ్ళన్నీ తన చేతిలోకి తీసుకున్నాక ఫిల్మూ కాగితమూ బజారులో కనపడడం మానేశాయి. ఓడవాళ్ళ సంచుల్లో వచ్చిందే సరుకు. డెవలపర్ మందు సయా బంగారం తూచే చిన్న త్రాసులో తూచి తనే కలిపేవాడు. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే ఫిల్ము మీది పూత మెత్తబడి ఊడిపోతుంది. అందుకని చెరుకురసం బండి దగ్గర ఐసుగడ్డ తెచ్చి, పగలగొట్టి, మందు తొట్టె చుట్టూ పేర్చేదాన్ని.

మేజోడు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం బేరాలు లేని వేళ సయా ఆ రీళ్ళు కడుక్కోమన్నాడు. బొమ్మని నిలిపే హైపో మందులోంచి తీసి, నీళ్ళలో జాడించి, బల్బు ముందు పట్టుకున్నాను. మా ఆయన ముఖం చూస్తానని అనుకున్నాను. రెండేళ్ళలో గడ్డం పెంచాడో, జుట్టు పలచబడిందో చూడాలని ఉంది.

ముఖం లేదు. రాతి గోపురం ఒకటి. దాని చుట్టూ గడ్డిలో ఒకవైపుకి ఒరిగిపోయిన సమాధిరాళ్ళు. ఇనప పట్టీలు కొట్టిన పాత తలుపు. తర్వాతి రీల్లో కొండ మీద కూలిపోయిన కోట, కప్పు లేదు, కిటికీల్లోంచి మబ్బులు కనిపిస్తున్నాయి. మూడో రీలు సగం మళ్ళీ చర్చి లోపలిదే. నేల మీద పలకలు, వాటి మీద అరిగిపోయిన అక్షరాలు. ఒక సమాధి మీద రాతితో చెక్కిన యోధుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముక్కు అరిగిపోయింది. అతని కాళ్ళ దగ్గర చిన్న రాతికుక్క. ఎక్కడా ఒక్క మనిషి లేడు.

కాగితం పొదుపు కాబట్టి నెగటివ్‌ల సైజులోనే చిన్నచిన్న ప్రింట్లు తీసి ఇంటికి పట్టుకెళ్ళాను. మా అత్త వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కొక్కటే చూసింది.

“ఏటే అమ్మీ ఇయ్యి? గోడలూ రాళ్ళూనా? ఆడేడీ?”

తీసింది ఆయనే కదా, బొమ్మలో ఎలా ఉంటాడు అన్నాను.

“మడిసి తిరగని సోటికి ఆడెందుకెల్తన్నాడు?” అంది. పడుకున్న యోధుడి బొమ్మని మాత్రం ఇంట్లో ఉంచనివ్వలేదు. ఊరుకాని ఊళ్ళో ఉన్న కొడుకు ఇలా శవం బొమ్మ తీసి పంపడమేమిటని ఆమె బాధ. అది రాయే అని ఎంత చెప్పినా వినలేదు. దాన్ని తిరిగి స్టూడియోకి తీసుకెళ్ళి సొరుగులో పెట్టాను.

ఆ తర్వాత నాలుగైదు నెలలకోసారి ఎవరో ఒక ఓడమనిషి మేజోడు తెచ్చి ఇచ్చేవాడు. టపాలో పంపితే విప్పి చూస్తారని మా ఆయన భయం. ఉత్తరం రాస్తే రెండు ముక్కలు, బర్మా అక్షరాల్లో. మేమిద్దరం చదువుకున్నది ఆ బడుల్లోనే కదా. ఒంట్లో బాగుంది, చలి ఎక్కువ, అమ్మ జాగ్రత్త. అంతే. మిగతాదంతా చర్చిలూ కోటలే. కొన్నాళ్ళకు వాటిని గుర్తుపట్టడం కూడా నేర్చుకున్నాను. ఇది గుండ్రటి గోపురం చర్చి, ఇది చెరువు మధ్య కోట, ఇది గంటలు లేని చర్చి అనుకునేదాన్ని. ఊరి చివర సంచౌంగ్ పేట దాటి ఎటూ వెళ్ళినదాన్ని కాను, కాని ఇంగ్లండులో ఎక్కడుందో తెలియని ఒక చర్చిలో ఎడమవైపు మూడో బెంచీకి చెయ్యి విరిగిందని నాకు తెలుసు. చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మొగుళ్ళు పంపిన చీరలూ గడియారాలూ చూపిస్తే చూసి వచ్చేసేదాన్ని.

ఒకసారి వార్డు ఆఫీసు మనిషి తన ఫొటో కోసం స్టూడియోకి వచ్చి, తాడు మీద ఆరుతున్న కోట బొమ్మలు చూశాడు. ఇవి ఏ సైన్యం కోటలు, ఎవరు తీయమన్నారు అని అడిగాడు. సయా నిదానంగా, ఇది పరాయి దేశంలోది, ఆ రాజు పోయి కొన్ని వందల ఏళ్ళయింది, లోపల గడ్డి మొలిచింది చూడండి అని చెప్పాడు. అతను ఒక ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొన్ని వారాలపాటు మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా పని ఆపి తలుపు వైపు చూసేదాన్ని. ఎవరూ రాలేదు. అప్పట్నుంచి మా ఆయన బొమ్మలు మాత్రం లోపల, మెట్ల కింద ఆరేసేదాన్ని.

మూడో ఏడు శీతాకాలంలో తీసిన రీలు ఒకటి వేసవిలో నాకు అందింది. భూతద్దం పెట్టి చూస్తుంటే, ఒక కోటగోడ అడుగున గడ్డి మీద నీడ కనిపించింది. టోపీ, కోటు, ముఖం దగ్గరికి ఎత్తిన రెండు మోచేతులు. ఆయనే. కాగితం సంగతి చూసుకోకుండా ఆ ముక్క ఒక్కటీ పెద్దది చేశాను. సయా చూశాడు. తన దగ్గర దాచుకున్న మంచి కాగితం పెట్టెలోంచి ఇంకొకటి తీసి ఇచ్చి, మొదటిదాన్ని మరీ నల్లగా తీశావు, మళ్ళీ తియ్యి అన్నాడు.

మా అత్త ఆ నీడని చాలాసేపు చూసింది.

“సిక్కిపోనాడు,” అంది.

అక్కడ చలికాలం ఎండ ఏటవాలుగా పడుతుందట, నీడ సాగుతుంది, ఎవరైనా సన్నగానే కనపడతారు అని చెప్పాను.

“నాకు సెప్పకు. ఆ బుజాలు సూడు.”

ఆ వారమే మన బొమ్మ పంపుదామంది. వాడికి చూసుకోవడానికి రాళ్ళు తప్ప ఏమీ లేవు కదా అని. స్టూడియోలో తోటా మెట్లూ గీసిన తెర ముందు కూర్చోమంటే ఒప్పుకోలేదు. మా గుమ్మం దగ్గరే తీయాలంది. సయా దుకాణం దాటి కెమెరా బయటికి తెచ్చి ఎన్నేళ్ళయిందో. పాపం, ఆ ముసలాయన పెద్ద కెమెరా మోసుకుంటూ మా మెట్లన్నీ ఎక్కివచ్చాడు. నేను బుగ్గలకి, బర్మా ఆడవాళ్ళలాగా, తనాకా చెక్క గంధం పూసుకుని ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె కాలుస్తున్న చుట్టని వీపు వెనక దాచుకుంది. ప్రింటు తీస్తే ఆమె భుజం మీంచి పొగ లేస్తూ కనపడింది. మేమిద్దరం దాన్ని చూసి నవ్వుకున్నాం. ఒక ఓడమనిషి చేత పంపించాం.

వానలు మొదలయ్యాక ఆమెకు జ్వరం పట్టుకుంది. పదిరోజులు కూడా మంచాన పడలేదు, పోయింది. చివర్లో నన్ను ఎవరో అనుకుని, మా వాడు బస్సు దిగాడా అని అడిగేది. దిగాడన్నాను. కొడుకు చెయ్యవలసిందంతా కిందింటి తెలుగాయన చేశాడు. చుట్టాలు లేరు, ఉన్నవాళ్ళు చాలామంది అంతకుముందు ఓడల మీద విశాఖపట్నం వెళ్ళిపోయారు. పదకొండోరోజు అయ్యాక ఆ రెండు గదుల్లో నేనొక్కదాన్నే మిగిలాను. వాన చూరు మీంచి కారుతుంటే బిందెలు పెట్టేదాన్ని. పొద్దున్నే లేచి ఇద్దరికి సరిపడా బియ్యం కడిగేసి, తర్వాత గుర్తొచ్చి సగం తీసేసేదాన్ని.

కబురు ఒక ఓడమనిషితో నోటిమాటగా పంపాను. అది చేరిందో లేదో చాలాకాలం తెలియలేదు. ఆ ఏడాది మేజోళ్ళు రాలేదు. స్టూడియోలో పని లేకపోయినా డార్కురూమ్‌లోకి వెళ్ళి కూర్చునేదాన్ని. అక్కడ చీకట్లో ఎవరూ పలకరించరు, పలకరించకపోవడం వింతగానూ ఉండదు.

చివరికి ఒక రీలు వచ్చింది. ఒక్కటే. కడిగి చూస్తే మూడు బొమ్మలు. దళసరి రాతిగోడలో సన్నటి కిటికీ. దాని అరుగు మీద, గోడకి చేరేసి, మా ఫొటో. మా అత్త, నేను, ఆమె భుజం మీది పొగ. దాని ముందు చిన్న కొవ్వొత్తి. మొదటి బొమ్మ చెయ్యి కదిలి మసకగా వచ్చింది. రెండోది స్పష్టంగా ఉంది. మూడోదాంట్లో ఫొటో తీసేసి ఉంది, కొవ్వొత్తి ఒక్కటే. ఆ తర్వాత రీలంతా ఖాళీ.

కబురు చేరిందన్నమాట. తెలుగు మనిషి, కర్మ చేయడానికి రేవూ లేదు, బ్రాహ్మడూ లేడు. తెలియని ఊరి చర్చిలో ఒంటరిగా నిలబడి తల్లికి దీపం పెట్టుకున్నాడు. ఫిల్ముని అలాగే తొట్టెలో వదిలేసి స్టూలు మీద కూర్చుండిపోయాను. సయా తలుపు తట్టి, తమీ, అంతా సవ్యంగా ఉందా అని అడిగాడు. నీళ్ళు ఇంకా చల్లబడలేదని చెప్పాను. ఆయన బయటే ఉండిపోయాడు, మళ్ళీ తట్టలేదు.

ఓడని పాతఇనుముకి అమ్మేశాక మా ఆయన తిరిగొచ్చాడు. నిజంగానే చిక్కిపోయాడు. తల్లి మంచం నేను తీయలేదు. వచ్చి దాని మీద కూర్చుని, రెండు చేతులతో పట్టెలు పట్టుకున్నాడు. కెమెరాని సయాకి ఇచ్చేశాడు. సేక్కాన్‌లో సరుకు జెట్టీ దగ్గర పని దొరికింది. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. అన్నం పెడితే తినేవాడు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు. ఎదురుచూసిన రోజులే నయమనిపించిన సందర్భాలు ఉన్నాయి. డార్కురూమ్‌లో ఆయన చూసినవన్నీ ఆయనతోపాటు చూసినట్టుండేది. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఏం చూస్తున్నాడో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం బొమ్మలన్నీ చాప మీద పరిచాను. ఇన్నింట్లో ఒక్కదాంట్లోనైనా మనిషి లేడేం, నువ్వైనా లేవేం అని అడిగాను. ఆయన కోట బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

“నా బొమ్మ తియ్యమని ఎవర్నడగాలి? నాతో మాటాడినోడుంటే కదా.”

మరి చర్చిలకే ఎందుకెళ్ళేవాడివి అన్నాను.

“తలుపు తీసే ఉంటాది. వానొస్తే లోపలికెల్లి కూకునేవోణ్ణి. ఎవుడూ ఏటని అడగడు. కోటలూ అంతే, వారం మజ్జలో ఎవుడూ రాడు. ఊరికే కూకుంటే దొంగనుకుంతారేమోనని కెమెరా పట్టుకునేవోణ్ణి. తరవాత్తరవాత బాగనిపించింది. నువ్వు కడుగుతావు కదా, సూస్తావు కదా అని తీసేవోణ్ణి.”

ఆ రోజు నుంచి కొంచెం కొంచెంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్ళ పేర్లు ఆయనకు నోరు తిరగవు. బస్సు దిగి గొర్రెలమంద పక్కనుంచి వెళ్ళాలి, వంతెన దాటాక కుడివైపు, అలా చెప్పేవాడు. యోధుడి కాళ్ళ దగ్గర కుక్క ఎందుకని అడిగితే తెలియదన్నాడు. తోడుకేమో అన్నాడు.

తర్వాత ఏడు, పౌర్ణమి సెలవునాడు, సంచౌంగ్‌లో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, చెట్ల మధ్య ఇంగ్లీషువాళ్ళు కట్టిన పాత ఇటుక చర్చి ముందు ఆగాడు. గేటుకి తాళం వేసి ఉంది. ఇక్కడ అలాగే వేస్తారు. ఆయన గేటు పట్టుకుని నిలబడితే కావలి ఉన్న కరెన్ జాతి పెద్దమనిషి వచ్చి, మీరు క్రైస్తవులా అని అడిగాడు. కాదని బర్మాలో చెప్పాడు మా ఆయన. కాసేపు కూర్చుంటామన్నాడు. అతను మా ఇద్దరినీ, నా చేతిలో బుట్టనీ చూసి తాళం తీశాడు.

లోపల చల్లగా, గబ్బిలాల వాసనగా ఉంది. ఆయన ఒక స్తంభం మీద అరచెయ్యి వేసి చూశాడు.

“ఇది ఇటిక. అక్కడిది రాయి. సల్లగుండేది,” అన్నాడు.

వెనక బెంచీలో కూర్చున్నాం. మధ్యలో బుట్ట పెట్టుకున్నాను. ఆయనేమైనా చెబుతాడేమోనని చూశాను. తల కిందికి వాలింది. జెట్టీలో తెల్లవారుజాము పని, అలిసిపోయాడనుకున్నాను. నిద్రపోయాడు. నిద్రలో కొద్దికొద్దిగా ఒరుగుతుంటే బుట్ట అడ్డం వచ్చింది, నేను దాన్ని కిందికి దింపాను. తల నా భుజానికి ఆనింది. కదలకుండా కూర్చున్నాను. ముందు బెంచీ మీద ఎవరో మరిచిపోయిన విసనకర్ర ఉంది. కాసేపటికి కరెన్ పెద్దమనిషి తాళంచెవులు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. ఇంకొంచెంసేపు ఉండనిమ్మని చేత్తోనే సైగ చేశాను. సరేనని తలూపి, చెవులు చప్పుడవకుండా గుప్పిట్లో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.